ఆడబిడ్డకు పాత ఇటుకలు

మా గల్లీలో రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా వచ్చి ఇరుక్కుపోయిన రోజు నేను కుట్టుమిషన్ మీద నుంచి లేచి, మెడలో టేపుతోనే బయటికి వచ్చాను. ఒక ట్రాక్టర్ ఇల్లు కూల్చి మళ్లీ కడుతున్న మా స్థలంలోంచి మట్టి నింపుకొని బయటికి పోతోంది. రెండోది అదే స్థలంలోకి మట్టి తెస్తోంది. పక్కకు జరగడానికి గల్లీలో చోటు లేదు. నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో అని ఇద్దరు డ్రైవర్లూ హారన్లు కొడుతూ కూర్చున్నారు.

"ఏం తీస్కపోతున్నవ్?" అని మొదటివాణ్ణి అడిగాను.

"మూలకు కుప్ప పోసిన పాతింటి మట్టి అక్కా. కాలువ కట్టకు పోస్త."

"నువ్వేం తెస్తున్నవ్?"

"మొరం అక్కా. బేస్‌మెంట్ల నింపెతందుకు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మొరం ఊరి బయట గుట్టను తవ్వి తెచ్చింది. అంటే గుట్ట మా ఇంట్లోకి వస్తోంది, మా ఇల్లు సాగర్ కాలువలోకి పోతోంది. రెండింటినీ పిలిపించింది మా ఆయనే. అడిగితే మేస్త్రిని చూపించాడు. మేస్త్రి నన్ను చూడగానే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పటికే నేనంటే ఆయనకు విసుగు పుట్టింది, ఆయనంటే నాకూ పుట్టింది.

"పాత మట్టిల చెదలుంటయి అక్కా. రేపు కొత్త దర్వాజలు తింటె నన్నె తిడ్తరు," అన్నాడు.

"మట్టి సంగతి సరే. దాంట్ల రాళ్లున్నయి, సున్నం పెళ్లలున్నయి, పగిలిన ఇటుకలున్నయి. గవి చెదలు తింటయా?"

"ఏరుకుంట కూసుంటె మూర్తం దాటుతది."

ఆ నెలల్లో ఏది అడిగినా నాకు దొరికిన జవాబు ముహూర్తమే. చివరికి ఆ గొడవ తీర్చింది మా పక్కింటి ముసలామె, అందరం ఖాలా అని పిలుస్తాం. బాన్సువాడలో మా రెండిళ్లూ ఒకే గోడను ఆనుకొని పెరిగాయి. ఆమె తలుపు తీసి, రెండు ట్రాక్టర్లనూ చూసి, "లడాయి ఎందుకు బేటీ, నా ఆంగన్‌ల పోయించు. వాన కొడితె మోకాళ్ల దాక నీళ్లు నిలుస్తున్నయి," అంది. ఆ ఒక్క ట్రాక్టర్ రాళ్లూ పెళ్లలూ ఆమె వాకిట్లో పడ్డాయి. దాని వెనక వచ్చినవన్నీ నేను మిషన్ దగ్గరికి వెళ్లగానే కాలువ గట్టుకే పోయాయి.

నేను జాకెట్లు కుడతాను. గుడ్డ కోసే ముందు దాన్ని పరిచి, చేతులు ఎటు, వీపు ఎటు, పట్టీలు ఎటు అని నాలుగుసార్లు తిప్పి చూసుకొని గానీ కత్తెర పెట్టను. మిగిలిన ముక్క పైపింగ్‌కు వస్తుందా, సంచికి వస్తుందా అని చూడటం నాకు ఊపిరి తీసినంత అలవాటు. అలాంటిదాన్ని ఇల్లు కట్టే చోట కూర్చోబెడితే ఎట్లా ఉంటుంది? ఎదురుగానే కిరాయికి తీసుకున్న గదిలో మా సంసారం, నా మిషన్. కిటికీలోంచి ప్రతి ఒక్కటీ కనిపించేది. కనిపించకపోయినా బాగుండేది.

అంతకు ముందు, ఇల్లు కూల్చాలనుకున్నప్పుడు మా ఆయన జేసీబీ మాట్లాడుకొని వచ్చాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నానికల్లా నేలమట్టం అవుతుందని సంబరంగా చెప్పాడు. నేను అడ్డం పడ్డాను. ఆ ఇంటి ముందుభాగం మా మామగారి తండ్రి కట్టించింది. గోడలకు డంగు సున్నం. సున్నంతో కట్టిన ఇటుక, గడ్డపారతో మెల్లగా కదిలిస్తే, ఒలిచిన చిక్కుడుకాయలోంచి గింజలా చెక్కు చెదరకుండా వస్తుంది. జేసీబీ తొండం ఒక్కసారి తగిలితే అంతా పిండి.

ఆ ఇటుకలు నాకెందుకంటే, మా ఆడబిడ్డ ఇంటికి. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. బీర్కూర్‌లో ఉంటుంది. వాళ్లది కౌలు సేద్యం, రేకుల ఇల్లు. ఒక మే నెలలో నేను పోయినప్పుడు మధ్యాహ్నం ఆ రేకుల కింద కూర్చోలేక చెరుకు తోట గట్టు మీద వేపచెట్టు కింద అన్నం తిన్నాం. ఆమె వంట కూడా బయటే చేసింది. చిన్నపిల్లకు ఒళ్లంతా చెమటకాయలు. వానాకాలం వస్తే ఆ రేకుల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడదు. "ఏం చేస్తం వదినా, ఎప్పటికన్న రెండర్రలు ఏసుకుంటం," అని ఆమె నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. మా ఇల్లు కూల్చే మాట రాగానే నా మనసులో పడింది ఆమె అన్న ఆ రెండు గదులే. ఒక ఇంట్లోంచి ఇంకో ఇల్లు తీయొచ్చు గదా అనిపించింది. పాత చీరలోంచి పిల్లకు లంగా తీసినంత తేలికని కాదు, కానీ తీయొచ్చు.

మా ఆయన మొదట ఒప్పుకోలేదు. చెల్లెలికని చెప్పాక మెత్తబడ్డాడు. "పునాది మూర్తం దాక నీ ఇష్టం. గా దినం పొద్దుగాల జాగ ఖాళీ ఉండాలె," అన్నాడు.

మనుషులు దొరకడం గగనమైపోయింది. అందరూ కోతలకో నాట్లకో పోయారు. ఊళ్లో ఉన్నవాళ్లకు చేత్తో ఇల్లు విప్పడమంటే నవ్వులాట. చివరికి డోంగ్లి వైపు నుంచి మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడే మొగుడూ పెళ్లాలు దొరికారు. ఆయన గోడ మీద నుంచి ఇటుకలు కదిలించి అందిస్తే, ఆమె కింద కూర్చొని చిన్న కొడవలి వెనకవైపుతో సున్నం గీకేది. నేను కూడా సాయంత్రం మిషన్ ఆపి, పాత చీర కొంగు ముక్కుకు కట్టుకొని వాళ్ల పక్కన కూర్చునేదాన్ని. గోళ్ల సందుల్లో సున్నం పోక, మెరుపుల బట్టలు కుట్టేటప్పుడు వేళ్లకు దారం చిక్కుకునేది.

మా మామగారు తన కాలంలో వెనక రెండు గదులు సిమెంటుతో వేయించాడు. వాటి దగ్గరికి వచ్చేసరికి నా పని ఆగిపోయింది. సిమెంటు ఇటుకను వదలదు. లాగితే ఇటుక సగానికి విరుగుతుంది, సిమెంటు మాత్రం విరగదు. తాత కట్టించిన గోడ మొత్తం మళ్లీ పనికొచ్చింది, కొడుకు కట్టించిన గోడ మొత్తం చెత్త అయింది. ఇప్పుడు మనవడు కట్టించేది మొత్తం సిమెంటే. దాన్ని కూల్చే రోజున ఏం మిగులుతుందో నేను చూడను, అదొక్కటే నయం.

ఖాలా గోడ పొడవునా నా ఇటుకలు పేర్చాను. టేకు దూలాలు, ఒక దర్వాజ, షాబాద్ బండలు విడిగా పెట్టాను. గల్లీలో పోయేవాళ్లందరికీ ఒక మాట అనకపోతే తోచేది కాదు. పాత సామాను వ్యాపారం పెట్టినవా అక్కా అని ఒకరు, ఇంతదానివి కొత్తిల్లు ఎందుకు కడుతున్నవని ఒకరు. నేను కూడా మొదట్లో, మన ముందు గది మట్టుకు ఈ ఇటుకలతో కడదామా అని మా ఆయనతో అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"కొత్తింటికి పాత ఇటుక పెడ్తరా ఎవలన్న? నలుగురు ఏమంటరు?"

మేస్త్రి వెంటనే అందుకున్నాడు. పాత ఇటుక పల్చన, కొత్తది మందం, వరుస కలవదన్నాడు. కూలిన ఇంటి ఇటుక కొత్తింటికి మంచిది కాదని పెద్దలంటారన్నాడు. ఏ పెద్దలని అడిగితే చెప్పలేదు. నేను ఎక్కువ వాదించలేదు. ఎట్లాగూ ఆడబిడ్డకు అనుకున్నవే గదా, ఇక్కడ పెడితే అక్కడికి చాలవు అనుకొని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అంత తేలిగ్గా రాదు, ఆ ఒక్కచోట మాత్రం చాలా తేలిగ్గా వచ్చింది.

ఇక కొత్త పని మొదలయ్యాక నా నోటికి విరామం లేదు. ఇనుప సలాకలు కోస్తే మూరెడు ముక్కలు ఎక్కడపడితే అక్కడ. వాటిని కలిపి వాడే చోటు ముందే చూసుకొని కోయొచ్చు గదా అంటే, "గట్ల లెక్క పెట్టుకుంట పని అయితదా అక్కా" అని మేస్త్రి. సిమెంటు బస్తాలు నేల మీదే దించి వానకు వదిలేశారు. రెండు రోజులకు అడుగువి రాళ్లయ్యాయి. ఇసుక మంజీర నుంచి వచ్చింది, గల్లీ అంతా పరుచుకొని సగం మురుగు మోరీలోకి పోయింది. నేను చీపురు పట్టుకొని ఊడ్చి ఎత్తి పోస్తే మా ఆయనకు నామోషీ. "ఇంట్లకు పో, అందరు చూస్తున్నరు," అనేవాడు. ఇసుక మోరీలోకి పోతే ఎవరూ చూడరు, ఎత్తితే చూస్తారు.

స్లాబు రోజు మరీ ఘోరం. ముహూర్తానికి మొదలుపెట్టాలని ఆదరాబాదరాగా కలిపారు. కావలసినదానికన్నా ఎక్కువ కలిపారు. సాయంత్రానికి మిగిలిన కాంక్రీటు ఏం చేయాలో తెలియక గల్లీలో మా గుమ్మం ముందే పారబోశారు. తెల్లవారేసరికి అది గట్టిపడి మోటార్ సైకిళ్లు ఎగిరిపడేలా తయారైంది. ఖాలా దానికి కాలు తగిలి పడబోయి గోడ పట్టుకుంది. ముందే రెండు గుంతలు తవ్వి ఉంచితే ఆ మాలుతో ప్రహరీకి రెండు స్తంభాలు పడేవి. నేను వారం ముందే చెప్పాను. అవునక్కా అన్నారు. మా దగ్గర "అవునక్కా" అంటే వినలేదని అర్థం.

పిల్లర్ల మీద వేసిన స్లాబుకు నీళ్లు పట్టడం అయింది. ఇక గోడలు లేవాలి. కొత్త ఇటుకలకు బట్టీలో చెప్పారు, లారీ రేపోమాపో అన్నారు. నా పాత ఇటుకలను బీర్కూర్‌కు తోలడానికి ఇదే సమయమనుకున్నాను. ఆడబిడ్డకు అంతవరకూ ఏమీ చెప్పలేదు. అన్నీ పేర్చి, లెక్క చూసుకొని, ఒక్కసారే చెప్పి సంతోషపెడదామనుకున్నాను. పొద్దున బస్సెక్కి బీర్కూర్ పోయాను.

ఆమె రేకుల ఇంటి ముందు బియ్యం చెరుగుతోంది. నాకు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. తాతగారు కట్టించిన గోడ, డంగు సున్నం, ఒక్క ఇటుక కూడా పగలకుండా విప్పించానని, నీ రెండర్రలకు సరిపోతాయని, దూలాలు, దర్వాజ కూడా నీకేనని చెప్పాను. ఆమె చేట ఆపింది. కానీ నేను అనుకున్న మొహం కాదది.

"నా కోసమే తీయించినవా వదినా?"

"నీ కోసమే. ఎండల నడుములు పడిపోయినయి."

ఆమె చేట పక్కన పెట్టింది. తర్వాత చాలా మెల్లగా, కోపం లేకుండానే అడిగింది.

"మీ కొత్తింట్ల గా ఇటుక ఎక్కడ పెడ్తున్రు?"

నేను మేస్త్రి మాటలు చెప్పాను. సైజు కలవదని, వరుస రాదని, కూలిన ఇంటిది మంచిది కాదని. చెబుతుంటేనే నా గొంతు నాకు నచ్చలేదు.

"సైజు మా దగ్గర కలుస్తదా మరి?" అంది. "పండుగకు నాకు చీర పెట్టేటప్పుడు నువ్వు కట్టి ఇడిసింది ఎన్నడన్న పెట్టినవా వదినా? కొత్తదే గద పెడ్తవ్. కూలిన ఇంటి ఇటుక మీకు మంచిగ లేదు, తల్లిగారింటి నుంచి నాకు మంచిగనా? మా అత్తగారోళ్ల ముంగట లారీల కెల్లి గవి దించితె నేను ఏమని చెప్పుకోవాలె?"

పదిమందితో గొడవపడ్డ నోరు ఆమె ముందు పనిచేయలేదు. మంచి ఇటుక, గట్టి ఇటుక, వృథా చేయొద్దు అని నేను చెప్పదలచుకున్న మాటలన్నిటికీ ఒకే జవాబుంది. అంత మంచివైతే మీరే పెట్టుకోండి అని. ఆమె అది అనలేదు కూడా. అన్నం తిని పొమ్మంది. చామగడ్డ పులుసు వండింది. తిన్నాను, రుచి తెలియలేదు. పోయేటప్పుడు బొట్టు పెట్టింది, ఎప్పటిలాగే బస్సు దాకా వచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఎవరెవరినో తిట్టుకున్నాను. మొదట ఆమెను. రేకుల కింద ఉడికిపోతూ ఈ పంతం ఏమిటని. కానీ ఆ తిట్టు నిలవలేదు. పాతది వాడితే పరువు పోతుందని నేర్పింది ఆమె కాదు. మేస్త్రి నేర్పాడు, మా ఆయన నేర్పాడు, గల్లీలో నవ్విన ప్రతివాడూ నేర్పాడు. నా ముందు గదికి వద్దన్నప్పుడు ఊరుకొని నేనూ నేర్పాను. ఎవరికీ వద్దనిపించినదాన్ని తెచ్చి ప్రేమగా ఆమె ఒళ్లో పెట్టబోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి బాధవో కోపానివో చెప్పలేను.

సాయంత్రం మా ఆయన అన్నం ముందు కూర్చున్నాక అన్నీ చెప్పాను. ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాను. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"చెల్లె గట్లనె అడిగిందా?"

"గట్లనె అడిగింది."

చెయ్యి కడుక్కొని బయటికి వెళ్లాడు. ఖాలా గోడ వెంట పేర్చిన ఇటుకల దగ్గర నిలబడి ఒకదాన్ని చేత్తో తిప్పి చూశాడు. తర్వాత బట్టీవాడికి ఫోన్ చేశాడు. "లారీ ఈడికి కాదు. బీర్కూర్‌కు తోలుండ్రి," అన్నాడు. అవతలివాడు ఏదో అడిగాడు. "కొత్తయే. మంచిగ కాలినయి చూసి ఎక్కించుండ్రి," అన్నాడు.

నాకు సంతోషం కలగాలి గదా. ముందుగా కోపమే వచ్చింది. ఇన్ని నెలలు నేను నోరు నొప్పి పెట్టేలా చెప్పింది చెవికెక్కలేదు, చెల్లెలి ఒక్క మాటకు లారీ దారి మారింది. ఆ మాటే అన్నాను. "నువ్వు ఇటుక సంగతి చెప్పినవు, చెల్లె నా సంగతి చెప్పింది," అన్నాడు.

మర్నాడు మేస్త్రికి చెబితే తల పట్టుకున్నాడు. పాత ఇటుకతో తను గోడ కట్టాడంటే తనకు ఇంకెవరూ పని ఇవ్వరన్నాడు. చాలాసేపు బతిమాలి, కసిరి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పాతవి వెనక వంటింటి వైపు, కనపడని చోట. ముందు వైపుకు ఇంకో లారీ కొత్తవి చెప్పుకోవాలి. నాకూ ఓపిక అయిపోయింది. ఏదో ఒకచోట గోడలో పడితే చాలు, కాలువలో పడకుంటే చాలనుకున్నాను. మేస్త్రి వెనక వైపు మేకులు కొట్టి దారం కట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే ఆడబిడ్డ ఫోన్ చేసింది. వెనకాల ఇటుకలు దించుతున్న చప్పుడు.

"వదినా, గీ లారీ తప్పొచ్చింది. మీది మా ఇంటికి తోలిన్రు."

"తప్పు రాలె. నీదే."

"మరి మీకు?"

"మాకు పాతయి ఉన్నయి గద. ఎనక వంటింటికి పెడ్తున్నరు."

ఆమె ఏడుస్తోందని అర్థమైంది. ఏడుస్తూనే, పెద్దదానిలా ఆజ్ఞ వేసింది. "అయితె ఎనక పెట్టకుండ్రి. ముంగటి గోడకు పెట్టుండ్రి. పూత పూయకుండ్రి. నేనొస్తె గల్లీల కెల్లే కనపడాలె."

ఫోన్ చెవి దగ్గరే పట్టుకొని వెనక వైపు నడిచాను. మేస్త్రి దారం బిగించి, మొదటి ఇటుకకు మాలు వేస్తున్నాడు. వంగి ఆ మేకులు రెండూ పీకి ఆయన చేతిలో పెట్టాను, ముందు గోడ వైపు నడవమన్నాను.